ఒకరి గిన్నెలో ఇంకొకరి చెయ్యి

జనవరి 6

కొత్త సంవత్సరానికి హోటలు వాళ్ళు అందరికీ డైరీలు పంచారు. వందేళ్ళు నిండుతున్నాయి కదా, అట్ట మీద బంగారు అక్షరాలు, ప్రతి పేజీ అడుగున హోటలు చరిత్రలోంచి ఒక ముక్క. ఇవాళ్టి ముక్క: "తొలి యజమాని అయిన కలప వ్యాపారి, ఈ నగరంలో బస దొరకక రైల్వే బెంచీ మీద పడుకుని, ఇక్కడొక గొప్ప హోటలు కట్టాలని సంకల్పించారు." మా నాన్న చెప్పిన కథ వేరు. ఆ వ్యాపారికి ఒంటరిగా తినడం చేతకాదట. ఎదురుగా ఇంకో మనిషి కూర్చుంటే తప్ప ముద్ద దిగేది కాదట. అందుకని ముందు పెద్ద భోజనాల హాలు కట్టించుకుని, వచ్చినవాళ్ళు లేచిపోకుండా దాని మీద గదులు వేయించాడట. ఏది నిజమో నాకు తెలియదు. నాకు రెండోదే నచ్చింది.

ఏటా నా డైరీ మా ఆవిడ లాక్కుని ఫోన్ నంబర్లు రాసుకుంటుంది. ఈసారి ఇవ్వనన్నాను. ఎందుకు ఇవ్వనన్నానో రాద్దామనే కూర్చున్నాను. ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు.

జనవరి 7

ఇవాళ పెద్దాయన సూప్‌లో ఉప్పు లేదు.

జనవరి 9

మొన్న రాసింది చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఉప్పు లేకపోతే లేదు, దానికి డైరీ ఎందుకు? కానీ పెద్దాయన వంటలో ఉప్పు తప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

పెద్దాయన అంటే మా అన్నయ్యే. అలా రాయడానికి చెయ్యి రావడం లేదు. కిచెన్లో అందరూ పెద్దాయన అంటారు, నేనూ అదే రాస్తాను. ఆయన హెడ్ చెఫ్. నాది పక్కగదిలో బేకరీ. మధ్యలో గోడ, గోడకో కిటికీ, కిటికీకి ఆనుకుని అవతల ఒక ఇనుప బల్ల. కింద సెగ ఉంటుంది, అందుకే వేడిబల్ల అంటాం. పైకి వెళ్ళాల్సిన సూపులూ సాసులూ గిన్నెలతో సహా దాని మీద, అంటే సరిగ్గా నా ముక్కు కింద, ఉంటాయి.

మేమిద్దరం మాట్లాడుకోవడం మానేసి ఏళ్ళు దాటింది. పని ఆగదు కాబట్టి ఆర్డర్లు కేకేసే మనిషి మాకు మధ్యవర్తి. ఆయన్ని అందరూ గొంతు అనే పిలుస్తారు, ఆయన కూడా పలుకుతాడు.

"గొంతూ, బన్నులు ఎప్పటికవుతాయో బేకరీని కనుక్కో" అంటాడు పెద్దాయన, నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి.

"అయినప్పుడు అవుతాయని చెప్పు గొంతూ" అంటాను నేను.

"అయినప్పుడు అవుతాయటండీ" అంటాడు గొంతు. మొహంలో ఈషణ్మాత్రం నవ్వు ఉండదు. ఆ ఓపికకి ఆయనకి దండ వెయ్యాలి.

ఇవాళ కూడా సూప్ చప్పగా వెళ్ళింది. పైనుంచి కొన్ని గిన్నెలు అలాగే తిరిగొచ్చాయి. పెద్దాయన వాటి వైపు చూడలేదు. చూడనట్టు నటించడం ఆయనకి బాగా వచ్చు.

జనవరి 13

ఒక పని చేశాను.

మా నాన్న ఈ కిచెన్ని నడిపిన రోజుల్లో ఆయన పెట్టిన చట్టం ఒక్కటే: ఒకరి గిన్నెలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. పక్కవాడి కూర మాడుతున్నా చెప్పాలి తప్ప ముట్టుకోకూడదు. ఇప్పటికీ ఎవరూ ముట్టుకోరు. వంటవాడి గిన్నె అంటే వాడి పరువు.

పెద్దాయన స్టోర్‌రూమ్‌కి వెళ్ళాడు. సూప్ గిన్నె కిటికీ దగ్గర మూత తీసి ఉంది. నేను ఒక చెంచా తీసుకుని రుచి చూశాను. వేణ్ణీళ్ళలో పుట్టగొడుగులు ఉడికించినట్టుంది. ఉప్పు వేసి, కలిపి, మళ్ళీ రుచి చూసి, ఇంకాస్త వేశాను. తలెత్తితే గొంతు నన్నే చూస్తున్నాడు. వెంటనే పైకప్పు వైపు చూస్తూ ఆర్డర్లు చదవడం మొదలుపెట్టాడు.

ఇది హోటలు పేరు కోసం చేశాను. ఆయన కోసం కాదు.

జనవరి 14

మేమిద్దరం మూతులు ముడుచుకున్నప్పట్నుంచీ మా ఆవిడా వదినా మరీ దగ్గరయ్యారు. రోజూ ఫోన్లు. ఇవాళ ఫోన్ పెట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అక్క భయపడుతోందండీ."

"ఏమైంది?"

"బావగారు వంట బాగుందంటున్నారట."

నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు.

"నవ్వకండి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్కరోజు బాగుందన్న పాపాన పోలేదుట. ఇప్పుడు ఏం పెట్టినా బాగుందని లేచిపోతున్నారట. మొన్న పాలు పులిసిపోతే చూసుకోకుండా కాఫీ కలిపిచ్చిందిట. అది కూడా తాగేసి కప్పు కడిగి పెట్టారట."

"అలిసిపోయుంటాడు. విందు పనులు ఎక్కువయ్యాయి."

"వానాకాలంలో ఆ మాయదారి జ్వరం వచ్చింది చూడండి, అప్పట్నుంచేనట. డాక్టరు దగ్గరికి పదండంటే కసురుతున్నారట."

అలిసిపోయుంటాడు. అంతే అయివుంటుంది. రెండు రోజులు పోతే ఆయనే సర్దుకుంటాడు.

జనవరి 20

పుస్తకం అమ్మాయి వచ్చింది. హోటలు చరిత్ర రాయడానికి పెట్టుకున్నారు ఈ పిల్లని. మార్చి చివర్లో వందేళ్ళ విందు, ఆ రోజు పుస్తకం బయటికి రావాలి. పై అంతస్తులన్నీ అయిపోయాయట, ఇక కిందికి దిగింది. పిండి బస్తా మీద కూర్చోబెట్టాను. బట్టలు తెల్లబడినా పట్టించుకోలేదు, అక్కడే నాకు నచ్చింది.

"సార్, ఒక దేశాధ్యక్షుడు మీ నాన్నగారి సూప్ మూడుసార్లు అడిగి వేయించుకున్నారట, నిజమేనా?"

"ఆయన మూడుసార్లు అడిగిన మాట నిజమేనమ్మా. అడిగింది టాయిలెట్ ఎక్కడని."

ఆ అమ్మాయి నవ్వి నవ్వి రాసుకోలేదు. గోడ అవతల కత్తి చప్పుడు ఒక్క క్షణం ఆగింది. పెద్దాయన కూడా నవ్వాడేమో తెలియదు. ఆ కథ నాన్న మా ఇద్దరికీ ఒకే మంచం మీద పడుకోబెట్టి చెప్పాడు.

అసలు సంగతులు కొన్ని చెప్పాను. మొదట్లో వంటగది అన్నిటికన్నా పై అంతస్తులో ఉండేదిట, వాసనలు అతిథులకి తగలకూడదని. హాల్లోకి దిగేసరికి సూప్ చల్లారిపోయేది. ఒకసారి పొయ్యి అంటుకుని పైకప్పు సగం కాలాక కిందికి, నేలమాళిగలోకి దింపారు. ఆ తర్వాత వరదొచ్చి నేలమాళిగ మునిగింది. అప్పుడు నాన్న నృత్యశాలలో, ఆ పెద్ద దీపాల గుత్తి కింద పొయ్యిలు పెట్టి వండాడు. తడవకుండా మిగిలింది ఎండు పుట్టగొడుగులు, ఉల్లిపాయలు, కాస్త వెన్న. ఈ సూప్ పుట్టింది అప్పుడే. మెట్ల మీద అతిథులూ, గదులు ఊడ్చేవాళ్ళూ, వీధిలోంచి ఈదుకుంటూ వచ్చినవాళ్ళూ వరసగా కూర్చుని తిన్నారు.

"యజమానులు ఉదారంగా తలుపులు తెరిచారని రాసి ఉంది" అంది అమ్మాయి.

"తలుపులు తెరిచింది నీళ్ళమ్మా. ఉదారమైనవి."

జనవరి 22

ఉప్పు వేశాను. సాస్‌లో కూడా. హోటలు పేరు కోసం.

జనవరి 29

వేశాను.

ఫిబ్రవరి 2

పుస్తకం అమ్మాయి ఇవాళ సూటిగా అడిగింది, మీరిద్దరూ ఎందుకు మాట్లాడుకోరని. పొయ్యిలో బ్రెడ్డు మాడుతోందని చెప్పి లేచాను. మాడలేదు. ఆమెకి చెప్పనిది ఇక్కడ రాస్తాను.

నాన్న రిటైరైన రోజు. యజమానుల కుటుంబం, ఏటా వచ్చే పాత అతిథులు, పనివాళ్ళు, అందరూ కిచెన్లోకి దిగారు. అప్పుడు నేనూ పొయ్యిల దగ్గరే ఉండేవాణ్ణి. ఆ రోజు సూప్ నన్ను చెయ్యమన్నాడు నాన్న. పొద్దుట్నుంచీ దాని దగ్గరే నిలబడి చేశాను. అంత బాగా కుదిరిన సూప్ నా జన్మలో మళ్ళీ చెయ్యలేదు. ఉప్పు సరిగ్గా ఉంది. అందులో నాకు ఏ అనుమానమూ లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నాన్న చెంచాతో రుచి చూశాడు. ఏమీ అనకుండా ఉప్పుడబ్బా అందుకున్నాడు, అది నా చేతికిచ్చి కిచెన్ నాకే అప్పగిస్తాడేమో అనుకున్నాను. ఇంతలో పెద్దాయన ఆ డబ్బా నాన్న చేతిలోంచి లాక్కుని, "ఉప్పు తక్కువైందిరా" అని అందరికీ వినబడేట్టు అని, నా గిన్నెలో వేసేశాడు. అందరూ ఘొల్లున నవ్వారు. సూప్ ఉప్పగా అయింది. అతిథులు మర్యాదకి రెండు చెంచాలు తాగి పక్కన పెట్టారు. కిచెన్ పెద్దాయనకి ఇచ్చారు.

మర్నాడే బేకరీకి మారిపోయాను. పిండికి తమ్ముడూ అన్నా తెలియదు. పొంగాల్సినప్పుడు పొంగుతుంది.

ఆ తర్వాత నాన్న ఎక్కువకాలం బతకలేదు. అంత్యక్రియల్లో కూడా మేం గొంతు ద్వారానే మాట్లాడుకున్నాం. అది రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఫిబ్రవరి 8

జి.ఎం. పిలిపించాడు. ఆయనకి కిచెన్లో పేరు ఇస్త్రీ. మనిషి మొత్తం మడత నలగకుండా ఉంటాడు, నవ్వితే మడత పడుతుందేమోనని నవ్వడు. ఆయన గదిలో తివాచీ మీద నా పిండి బూట్ల అచ్చులు పడ్డాయి.

"జనవరి మొదట్లో కొన్ని ఫిర్యాదులు వచ్చాయి. తర్వాత తగ్గాయి. కానీ ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఉండదు" అన్నాడు. నిజమే. నా సెలవు రోజుల్లో ఉప్పు వేసేవాడు లేడు.

"పెద్ద విందు కదండీ, ఒత్తిడి."

"అందుకే అడుగుతున్నాను. ఆ రోజు ఒక్క గిన్నె కూడా తిరిగి రాకూడదు. మీ అన్నగారి చెయ్యి తప్పుతోందా? బయటినుంచి కొత్త చెఫ్‌ని తెద్దామని పైవాళ్ళు అంటున్నారు. మీ నాన్నగారి సూప్ తెలిసింది మీ ఇద్దరికే అని నేనే ఆపాను. మీరు అవునని ఒక్క మాట చెప్పండి, ఆయన్ని పంపించేసి కిచెన్ మీకు ఇస్తాను."

"ఆలోచించుకుని చెబుతానండీ."

లేదని చెప్పడానికి అరక్షణం చాలు. ఆలోచించుకుంటానని ఎందుకన్నాను?

ఫిబ్రవరి 9

ఇవాళ ఉప్పు వెయ్యలేదు.

ఫిబ్రవరి 11

మొన్న కావాలనే వెయ్యలేదు. రాసుకోవడానికి సిగ్గెందుకు, ఇది ఎవరూ చదవరు. గిన్నె నా ఎదురుగా ఉంది, ఉప్పు నా పక్కన ఉంది, నేను కేకు మీద క్రీమ్ పూస్తూ కూర్చున్నాను. సూప్ పైకి వెళ్ళింది, తిరిగొచ్చింది. ఒకటి కాదు, ట్రేల కొద్దీ వచ్చింది.

పెద్దాయన ఈసారి చూడనట్టు నటించలేదు. అందరూ భోజనాలకి వెళ్ళాక తిరిగొచ్చిన గిన్నెల ముందు నిలబడ్డాడు. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఇంకొకటి. నాలుక మీద తిప్పుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఉప్పుడబ్బాలోంచి చిటికెడు తీసి నేరుగా నాలుక మీద వేసుకున్నాడు. మనిషి మొహంలో ఏ మార్పూ లేదు. లెక్క రాని పిల్లాడు పలక వైపు చూసినట్టు ఆ డబ్బా వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఇన్నాళ్ళూ ఈయన ఒకరోజు ఓడిపోతే చూడాలని ఉండేది. చూశాను. నాకు అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 12

వేడిబల్ల మీద సూప్ గిన్నె ఎప్పటికన్నా నా వైపుకి జరిపి ఉంది. పక్కన చిన్న కప్పులో ఉప్పు. చెంచా పిడి నా వైపు తిప్పి ఉంది. రుచి చూశాను. అందులో అసలు ఉప్పే లేదు. తక్కువ కాదు, వెయ్యనే లేదు. సాస్‌లోనూ వెయ్యలేదు.

"గొంతూ, ఈ చెంచా ఎవరు తిప్పి పెట్టారు?"

"పెద్దాయన పెట్టమన్నారండీ."

"ఎందుకట?"

"కనుక్కోమంటారా?"

"వద్దులే."

గొంతు రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు. "బాబూ, నేను ఇరవై రకాల కేకలు వెయ్యగలను. ఈ మాట మాత్రం నేను మోయలేను. మీరే అడగండి" అని వెళ్ళిపోయాడు.

అడగలేదు. ఉప్పు వేశాను. గిన్నె వెనక్కి జరిపాను.

ఫిబ్రవరి 23

రోజూ అదే. ఆయన వండి నా వైపు జరుపుతాడు, నేను సరిచేసి వెనక్కి జరుపుతాను. ఒక్క మాట లేదు. నా సెలవు రోజున కూడా ఏదో వంక చెప్పి వెళ్ళి వస్తున్నాను. మా ఆవిడ ఎక్కడికని అడగడం లేదు. వదిన ద్వారా అన్నీ తెలుస్తూనే ఉంటాయి.

పుస్తకం అమ్మాయి ఇవాళ చిత్రమైన ప్రశ్న వేసింది. "మీ నాన్నగారు చేసినప్పుడు ఆ సూప్ రుచి ఎలా ఉండేది?" చెప్పబోయాను, నోట్లో మాట లేదు. ఆమె దగ్గర అన్నీ ఉన్నాయి. మెట్ల పాలరాయి ఎక్కడినుంచి వచ్చింది, లిఫ్టు ఏ రోజు మొదలైంది, ఏ గదిలో ఏ గాయని దిగింది, గుండ్రంగా తిరిగే తలుపులో ఏ మంత్రి కోటు ఇరుక్కుంది. ఫోటోలు ఉన్నాయి. ఇంత పెద్ద హోటలు వందేళ్ళు మనుషులకి తిండి పెట్టింది, ఆ తిండి రుచి మాత్రం ఎక్కడా లేదు. తిన్నవాళ్ళతోనే పోయింది. నాన్న సూప్ రుచి అసలు ఎలా ఉండాలో ఎరిగినవాళ్ళం ఇద్దరం. అందులో ఒకరికి ఇప్పుడు తెలియడం లేదు.

ఆ తర్వాత పని చేస్తున్నంతసేపూ నా నాలుకని జాగ్రత్తగా చూసుకున్నాను. వేడి టీ తాగలేదు.

మార్చి 4

ఇస్త్రీ మెట్ల దగ్గర ఆపి, ఆలోచించారా అన్నాడు. ఆలోచించాను, మా అన్నయ్య చెయ్యి తప్పలేదు అన్నాను. అది అబద్ధం కూడా కాదు. చెయ్యి బాగానే ఉంది.

"సరే అయితే. పదిహేనో తారీఖున యజమానురాలు స్వయంగా దిగి సూప్ రుచి చూస్తారు. అప్పుడు తేలుతుంది" అన్నాడు.

ఇప్పుడే గమనించాను, పైన మా అన్నయ్య అని రాశాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

మార్చి 15

ఇవాళ్టిది ఎలా వస్తే అలా రాస్తాను.

యజమానురాలు వచ్చింది. తొలి యజమాని మనవరాలు, బాగా పెద్దావిడ, చేతికర్ర. వెనకాల ఇస్త్రీ, పుస్తకం అమ్మాయి. కిచెన్ అంతా వరసగా నిలబడింది. సూప్‌లో ఉప్పు నేను ముందే చూశాను. నాన్న సూపే, ఇసుమంత తేడా లేదు. అన్నయ్య చెయ్యాల్సిందల్లా నిలబడడమే.

ఆవిడ ఒక చెంచా తాగింది. "వరదలో నేను చిన్నపిల్లని. మెట్ల మీద కూర్చుని తాగాను" అంది. తర్వాత అన్నయ్యకి చెంచా ఇచ్చింది. "నాకు అప్పటి రుచి సరిగ్గా గుర్తులేదయ్యా. మీ నాన్న సూప్ ఇదేనా? నువ్వు చెప్పు."

అవునమ్మా అంటే అయిపోయేది. అన్నయ్య రుచి చూశాడు. చెంచా పక్కన పెట్టాడు.

"నాకు తెలియదమ్మా. వానాకాలం జ్వరం తర్వాత నాకు కొద్దికొద్దిగా రుచి పోయింది. వాసన కూడా లేదు. వండుతున్నది నేనే. ఉప్పూ కారం చూస్తున్నది మా తమ్ముడు. వాణ్ణడగండి."

అన్నయ్య కిటికీ వైపు తిరిగాడు.

"ఒరేయ్, చెప్పరా. నాన్నదేనా?"

నన్ను ఒరేయ్ అని పిలిచి ఎన్నేళ్ళయింది! గొంతు అలవాటు కొద్దీ నా వైపు తిరిగి నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు.

"నాన్నదే అన్నయ్యా" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. మొహాన పిండి, అది కాస్తా ముద్దయింది.

ఇస్త్రీ గొంతు సవరించుకుని, ఇలాంటి స్థితిలో ఉన్న మనిషిని హెడ్ చెఫ్‌గా ఉంచలేమనీ, కిచెన్ నాకు అప్పగిద్దామనీ ఆవిడతో అన్నాడు. ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది అందరి ముందూ నా చేతిలో పెడుతున్నాడు.

"నాకు ఆయన చెయ్యి లేదండీ" అన్నాను. "ఆయనకి నా నాలుక లేదు. ఉంచితే ఇద్దర్నీ ఉంచండి. పంపిస్తే ఇద్దర్నీ పంపండి."

"ఇద్దరూ ఉంటారు. నాకు ఇంకో గిన్నె పొయ్యండి" అంది పెద్దావిడ. ఇస్త్రీకి మడత పడింది.

మార్చి 16

వెన్న తెద్దామని కోల్డ్ రూమ్‌కి వెళితే అన్నయ్య లోపల ఉన్నాడు. తలుపు వేసుకున్నాక ఇద్దరం వెన్న డబ్బాలు సర్దుతూ నిలబడ్డాం. నోట్లోంచి ఆవిర్లు వస్తున్నాయి.

"నిన్న అవునని ఒక్కమాట అంటే సరిపోయేది కదా" అన్నాను నేనే ముందు.

"నాన్న అలాగే చేశాడు. దానివల్ల నీ నోరు చేదైంది. మళ్ళీ నేనూ చెయ్యడమా?"

నాకు అర్థం కాలేదు.

"నాన్నకి చివరి ఏడాది రుచి పోయిందిరా. వయసు మీద పడి. ఎవరికీ చెప్పలేదు. సూప్‌లో గుప్పెళ్ళతో వేసేవాడు. ఆయన అటు వెళ్ళగానే నేను నీళ్ళు పోసో, బంగాళాదుంప వేసో బాగుచేసేవాణ్ణి. కొన్ని దొరికేవి, కొన్ని పైకి పోయేవి."

"ఆ రోజు..."

"ఆ రోజు నీ సూప్ అమృతంలా ఉంది. నాన్నకి చప్పగా తగిలింది. డబ్బా తీసుకున్నాడు, గుప్పెడు పట్టాడు. అందరూ చూస్తున్నారు, ఆ సూప్ అప్పటికే సగం మంది రుచి చూశారు. ఆయన గుప్పెడు వేస్తే అందరికీ తెలిసిపోదూ? లాక్కుని నేనే కాస్త వేశాను. అన్నకి తమ్ముడి మీద కుళ్ళనుకుంటారు, అనుకోనీ అనిపించింది."

డబ్బా పట్టుకున్నది నాన్న. అది నేను కళ్ళారా చూశాను, ఈ డైరీలో కూడా రాశాను. రాసి కూడా చూడలేదు.

"నాకు చెప్పచ్చుగా!"

"నీకు దాచడం ఎక్కడొచ్చు? అన్నీ మొహంలోనే ఉంటాయి. నాన్న పోయాక చెబుదామనుకున్నాను. అప్పటికి నువ్వు గొంతుతో కబుర్లు పంపిస్తున్నావు. తర్వాత..." వెన్న డబ్బా ఒకటి తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు. "తర్వాత అలవాటైపోయిందిరా. ఎవరో ఒకరు మొదలుపెట్టాలిగా. నాకూ పొగరే."

నాకు ఆయన మీద కోపం వచ్చింది, నాన్న మీద వచ్చింది, నామీద అందరికన్నా ఎక్కువ వచ్చింది. చలికి పళ్ళు టకటకమంటున్నాయి. ఎవరో తలుపు కొట్టేదాకా అలాగే నిలబడ్డాం.

మార్చి 17

అన్నయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. బయటికొచ్చాక అన్నయ్య, "ఇది చెప్పడానికి అంత చదువెందుకురా" అన్నాడు.

మార్చి 24

పుస్తకం అమ్మాయి ఆఖరి పేజీలు పట్టుకొచ్చింది. సాయంత్రానికి అచ్చుకి వెళ్ళిపోతాయట. అన్నయ్యా నేనూ విందు కోసం పుట్టగొడుగులు తరుగుతున్నాం. ఇప్పుడు మధ్యాహ్నాలు అవతల గదిలోనే కూర్చుంటున్నాను.

"మీ నాన్నగారి అధ్యాయంలో ఒక్క వాక్యం మీరు చూడాలి సార్" అంది. మొహమాటపడుతోంది. "ఏటా ఇక్కడ దిగే ఒక పాత అతిథి ఫోన్లో చెప్పారు. ఆ చివరి ఏడాది సూప్ నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉండేదట, ఇంకో ఇద్దరు కూడా అదే చెప్పారు. అందుకని, చివరి రోజుల్లో ఆయన చెయ్యి తప్పిందని రాశాను. అవమానించాలని కాదు సార్, చరిత్ర కదా. మీరు సరేనంటేనే ఉంచుతాను."

మంచి పిల్ల. అబద్ధం రాయలేదు. అన్నయ్య కత్తి ఆగిపోయింది. నా వైపు చూడలేదు. ఆయన ఈ భారం ఇదివరకే ఒకసారి మోశాడు, మళ్ళీ నోరు తెరవబోతున్నాడని నాకు అర్థమైంది. ఆయనకన్నా ముందు నేనే అన్నాను.

"తప్పమ్మా అది. ఆ ఏడాది సూప్ నాన్న చెయ్యలేదు. నేను చేశాను."

"మీరా?"

"కొత్త. చెయ్యి తిరగలేదు. ఉప్పు ఎక్కువ వేసేవాణ్ణి. నాన్న రోజూ తిట్టేవాడు. ఇక లాభం లేదని నన్ను బేకరీకి తోసేశారు."

ఆ అమ్మాయి కలం పట్టుకుని నన్నూ అన్నయ్యనీ మార్చి మార్చి చూసింది. "అలా రాస్తే మీకు ఫర్వాలేదా సార్? పుస్తకం చాలామంది చదువుతారు."

"జరిగింది జరిగినట్టు రాయమ్మా."

కొట్టేసి, పక్కన కొత్త వాక్యం రాసి, నాకు చదివి వినిపించి వెళ్ళింది. అన్నయ్య చాలాసేపటిదాకా కత్తి ఎత్తలేదు.

"నాన్న నిన్ను ఎప్పుడు తిట్టాడ్రా?"

"పుస్తకంలో తిట్టాడు."

నవ్వబోయాడు. నవ్వు సగంలో ఏదోలా మారిపోయింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుని అటు తిరిగాడు. ఆయన తరగాల్సినవి కూడా నా వైపు లాక్కుని నేనే తరిగాను.

ఇంత పెద్ద హోటలు, వందేళ్ళ చరిత్ర. అందులో నా గురించి ఉండబోయేది ఆ ఒక్క వాక్యమే: చిన్నకొడుకు చేతిలో ఆ సూప్ ఒక ఏడాదిపాటు చెడిపోయిందని. పుస్తకం రాగానే ఆ పేజీ తీసి, మొదట అన్నయ్యకి చదివి వినిపిస్తాను.